గద్దల నుంచి పెరటి కోళ్ల రక్షణ

ఆరుబయట తిరిగే నాటుకోళ్లను, ముఖ్యంగా వాటి పిల్లలను, వేటపక్షుల బారిన పడకుండా కాపాడే పద్ధతులు. తెలుగు పల్లెల్లో ప్రధాన శత్రువు నల్ల గద్ద. చెత్త, చచ్చిన జీవులు దీని మామూలు తిండి. ఎదిగిన కోడిని ఎత్తుకుపోయే బలం దీనికి లేదు, పిల్లలనే తన్నుకుపోతుంది. డేగ పొంచి ఉండి తక్కువ ఎత్తులో దూసుకొస్తుంది కాబట్టి దాన్ని పసిగట్టడం కష్టం. కాకులూ తక్కువ తినలేదు.

మొదటి కాపలా తల్లికోడిదే. ఆకాశంలో నీడ కదిలితే ఒక ప్రత్యేకమైన కూత పెడుతుంది. పిల్లలు చటుక్కున రెక్కల కిందికో పొదలోకో దూరి బిగుసుకుపోతాయి. దాక్కునే చోటు లేని ఊడ్చిన వాకిట్లో ఈ హెచ్చరిక వృథా. అందుకే పెరట్లో చెట్టు, పాదుల పందిరి, గడ్డివాము ఉండాలి. చిన్న కోడిపిల్లలను గంప కింద మూయడం పాత పద్ధతి, ఇప్పటికీ మేలైనదే. హైదరాబాద్‌లో రూపొందిన వనరాజా వంటి పెరటి రకాల పిల్లలకు తల్లి ఉండదు; వాటిని సుమారు ఆరు వారాలు లోపలే పెంచి వదలాలి. వాటి రంగురంగుల ఈకలు పరిసరాల్లో కలిసిపోవడం అదనపు లాభం.

పైన కట్టిన వల నమ్మకమైన అడ్డు. మెరిసే రిబ్బన్లకు, పాత సీడీలకు గద్దలు త్వరగానే అలవాటు పడతాయి. వాటికి విషం పెట్టడం, వాటిని కొట్టి చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.