నల్లని తీపి రొట్టె – దాని పూర్వచరిత్ర



అమెరికా దేశపు హోటళ్లలో పెక్కింట భోజనమునకు ముందు నల్లని తీపి రొట్టెను వెన్నతో గూడ వడ్డించు వాడుక కలదు. అచ్చట చదువుకొనుటకును, కొలువు చేయుటకును పోయిన మన బిడ్డలు దానిని రుచిచూచి, ఇంటికి వచ్చిన పిమ్మట, “ఇట్టి రొట్టెను మన పొయ్యిమీద కాల్చుకొనుట సాధ్యమా?” యని యడుగుట సహజము. సాధ్యమే. అంతేకాదు, ఈ రొట్టెకు కావలసిన విద్యలో సగము మన వంటయిండ్లలో పూర్వమునుండి యున్నదే. ఆ సంగతినే నేడు విచారింతము.

తీపి కలిపి కాల్చిన రొట్టె మనకు క్రొత్తది కాదు. ఋగ్వేదమునందే అపూపమను భక్ష్యము పేర్కొనబడినది. మన తీరప్రాంతమున మినపపిండితో దిబ్బరొట్టెను చేయుదురు. మందమైన పాత్రలో పిండి పోసి, క్రింద సన్నని సెగయు, మూతపై నిప్పులును ఉంచి, రెండు వైపుల వేడిమితో దానిని కాల్చుట పాతకాలపు పద్ధతి. తాటిపండ్ల గుజ్జు, బియ్యపురవ్వ, బెల్లము కలిపి కాల్చెడి తాటిరొట్టె గోదావరి ప్రాంతమున మిక్కిలి ప్రసిద్ధము. పై నిప్పు, క్రింది నిప్పు అను ఈ యుపాయమే ఓవెనునకు మూలసూత్రము. అమెరికాకు వలసపోయిన తెల్లవారును మూతపై నిప్పులు నిలుచునట్లు అంచు గల ఇనుపపాత్రలలోనే రొట్టెలు కాల్చుకొనిరి. దానిని వారు డచ్చి ఓవెను అనిరి. ఒకరినొకరు ఎరుగని రెండు దేశములవారికి ఒకే యుక్తి తోచినది.

ఇక ధాన్యముల మాట. గుంటూరు, ఒంగోలు మెట్టభూములు పూర్వము వరికి కావు. జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగలకు పుట్టినిండ్లు. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులు పెద్దలెరుగనివి కావు. వానలు తప్పినప్పుడు ఈ చిరుధాన్యములును చాలకపోయెను. 1832-33 సంవత్సరములలో వచ్చిన నందన కరవునందు గుంటూరు మండలములోని సుమారు 5 లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవరకు నశించిరని చెప్పుదురు. ముదురురంగు రొట్టె ఆనాడు విలాసము కాదు, ప్రాణాధారము.

ఐరోపాలోను ఇంతే. తెల్లరొట్టె ధనికులకు, రై ధాన్యపు నల్లరొట్టె బీదలకు. జర్మనీలోని వెస్టుఫేలియా సీమలో పంపర్నికెల్ అను రొట్టెను మందమైన వేడిమిలో, ఆవిరి పట్టునట్లు ఒక పగలు ఒక రాత్రి నుంచుదురు. పిండిలోని సహజమైన తీపియే మాగి నలుపెక్కును. అమెరికాలోని న్యూ ఇంగ్లండునందు గోధుమలు అరుదైనప్పుడు, రై పిండి, మొక్కజొన్నపిండి, కొద్దిపాటి గోధుమపిండి కలిపి, చెరకుమడ్డితో తీపిచేసి, మన కుడుములవలె ఆవిరిమీద ఉడికించిరి. బోస్టను బ్రౌను బ్రెడ్డు అనునది ఇదియే. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఉక్కురోలర్ల మరలు వచ్చి తెల్లపిండి చవుకయైన పిమ్మట వ్యవహారము తలక్రిందులయ్యెను. బీదవాని నల్లరొట్టె క్రమముగా ధనికుని బల్లపైకి చేరెను.

పొంగిన రొట్టె మన దేశమునకు పోర్చుగీసువారితో వచ్చెను. గోవాలో పిండిని పొంగించుటకు కల్లును వాడిరి. మన తీరమున 1611వ సంవత్సరమున గ్లోబు అను ఇంగ్లీషు ఓడ నిజాంపట్నమున ఆగి, తరువాత మచిలీపట్టణము చేరెను. 1842లో హెయ్యరు గుంటూరునకును, 1866లో క్లౌ ఒంగోలునకును అమెరికానుండి వచ్చి మిషనులను నడపిరి. కాని పల్లెవాసికి బ్రెడ్డు చిరకాలము రోగి పథ్యముగానే తోచెను. జ్వరము తగ్గినవానికి పాలలో ముంచి పెట్టుదురు. ఆరోగ్యవంతుడు దానిని భోజనముగా నెంచడు. మిరపకాయయు అమెరికానుండి పోర్చుగీసు ఓడలపై వచ్చినదే. దానిని మాత్రము మనము మన పొలమునకు, మన రోటికి, మన పచ్చడికి తెచ్చుకొని సొంతము చేసికొంటిమి. వచ్చిన వస్తువు పరాయిదగుట, సొంతమగుట మన చేతిలోనిదే.

1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము రాక నిలిచెను. 1956లో అమెరికాతో కుదిరిన ఒడంబడికవలన ఆ దేశపు గోధుమలు విరివిగా రాసాగెను. 1965లో ప్రభుత్వము మోడరన్ బేకరీలను స్థాపించెను. ఇట్లు గోధుమ రొట్టె సమీపించుచుండగా, సజ్జ దూరమయ్యెను. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట అవి పారినచోట వరి పెరిగెను. నల్లరేగడిలో ప్రత్తి, మిరప విస్తరించెను. రూకలు వచ్చినవి, మంచిదే. కాని ప్రత్తి తినుటకు రాదు. మిరపతో కడుపు నిండదు. ఒకప్పుడు పొలమునుండి నేరుగా కుండలోనికి వచ్చిన సజ్జలను నేడు పెక్కిండ్లవారు సంచిలో కొని తెచ్చుకొనుచున్నారు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినప్పుడు, మన తాతల తిండికి లోకము నమస్కరించెను.

ఒక హెచ్చరిక. రొట్టె నల్లగా నున్నంతమాత్రమున అది ముడిధాన్యపుది కాదు. హోటలు రొట్టెలలో పెక్కింటికి మాడ్చిన చక్కెరపాకము, చెరకుమడ్డి, కోకో పొడి నలుపు నిచ్చుచున్నవి. లోపలిది చాలవరకు తెల్లపిండియే. మనకు ఆ మాయ అక్కరలేదు. తెల్లచక్కెరనుండి తీసివేసిన మడ్డి, బెల్లములో నిలిచియే యుండును. అదియే రంగును, వాసనను ఇచ్చును.

చేయు విధము వినుడు. గోధుమపిండి 3 పాళ్లు, అప్పుడు విసరిన సజ్జపిండి 1 పాలు తీసికొనవలెను. సజ్జపిండి నిలువయున్న చేదెక్కును. అందు సాగుడుగుణము లేదు గనుక గోధుమ తోడు లేక పొంగదు. ముప్పాతిక పాలు నల్లబెల్లమును వేడినీట కరగించి, వడగట్టి, గోరువెచ్చనయైన పిమ్మట యీస్టును, కొంచెము ఉప్పును, నేతిని చేర్చి మెత్తగా పిసుకవలెను. బెల్లము మితిమీరిన పొంగు మందగించును. పిండి రెండింతలగువరకు ఆగి, అణచి, నేయి రాసిన గిన్నెలో నుంచి మరల పొంగనీయవలెను. మందమైన పాత్రలో ఇసుక పరచి, అందు గిన్నె నిలిపి, మూతపై నిప్పులు వేయవలెను. ప్రత్తికట్టె, మిరపకట్టె భగ్గున మండి ఆరిపోవును. పిడకల సెగయే నిలుకడ. బెల్లము త్వరగా మాడును గాన సెగ సన్నగా నుండవలెను. సుమారు ముప్పాతిక గంటకు ఈనెపుల్ల గ్రుచ్చి చూచిన తడి అంటరాదు. అడుగున తట్టిన బోలుమ్రోత రావలెను. పూర్తిగా చల్లారిన పిదపనే కోయవలెను.

పెద్దలారా, సెగ యెంత, నిప్పు లెన్ని, పాక మెప్పుడు అను లెక్కలు మీ ఇండ్లలోని వృద్ధస్త్రీల చేతులలో నున్నవి. అవి వ్రాతకెక్కినవి తక్కువ. గ్యాసుపొయ్యి వచ్చిన యిండ్లలో మూతమీద నిప్పులు వేయుట యెరిగినవారు ఏటేట తగ్గుచున్నారు. రొట్టె నడిగిన మనుమని, మనుమరాలిని ఆమె ప్రక్కన కూర్చుండబెట్టుడు. మెట్టచేను గలవారు ఒక మడి సజ్జకు విడువుడు. ధాన్యమును, దానిని కాల్చు విద్యయు ఇంటనే యున్నయెడల, హోటలు రొట్టెను పరాయి వింతగా చూడవలసిన పని మన బిడ్డలకు లేదు.