ఉక్కులోని లేశలోహాలు

ఇనుములో కొద్దిపాటి కర్బనం చేరితే ఉక్కు అవుతుందని నేడు బడిపిల్లలు సైతం చెప్పగలరు. కాని ఈ సత్యం తేలడానికి తక్కెడ, ఆమ్లం, ఓర్పు మూడూ కావలసివచ్చాయి. 1781లో స్వీడను రసాయనికుడు టోర్బెర్న్ బెర్గ్మన్ పలురకాల ఇనుములను ఆమ్లంలో కరిగించి, కరగక మిగిలిన శేషాన్ని తూచి చూశాడు. ఆ శేషాన్ని బట్టే ఉక్కు స్వభావం ఏర్పడుతుందని 1786లో వాండర్మోండ్, బెర్తొలే, మోంజ్ అనే ఫ్రెంచి పండితులు నిరూపించారు. అల్పమైనదే అధికమైనదాన్ని శాసిస్తున్నదని ఆనాడే తెలిసింది.

ఆ రోజులలోనే భారతదేశపు ఉక్కు లండను నగరం చేరింది. దక్షిణాది భాషల 'ఉక్కు' అన్న మాటే పాశ్చాత్యుల నోట 'వూట్జ్' అయిందని పలువురి అభిప్రాయం. బొంబాయి నుండి వచ్చిన ముద్దలను జార్జ్ పియర్సన్ పరీక్షించి 1795లో రాయల్ సొసైటీకి నివేదించాడు. 1819లో మైకేల్ ఫారడే ఆ ఉక్కునే విశ్లేషించి, అందులో స్వల్పంగా అల్యూమినియం కనబడిందనీ, దాని గుణవిశేషానికి అదే కారణమనీ భావించాడు. తరువాతి పరిశోధకులు ఈ నిర్ణయాన్ని సమర్థించలేదు. అయితే ఆ పొరపాటు నిష్ఫలం కాలేదు. కమ్మరి కుమారుడైన ఫారడే, కత్తుల తయారీలో దిట్ట అయిన జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి వెండి, ప్లాటినం, రోడియం వంటి లోహాలను ఉక్కులో కలిపి చూశాడు. మిశ్రమ ఉక్కుల శాస్త్రానికి అది తొలి అడుగు.

లేశమాత్రమైన లోహాన్ని కొలవడంలో చిక్కు ఇక్కడే ఉన్నది. వాడిన ఆమ్లంలోనో పాత్రలోనో అదే లోహం ఉంటే ఫలితం తారుమారవుతుంది. అందుచేత విశ్లేషకుడు ఉక్కు లేకుండానే అదే ప్రక్రియను ఒకసారి నడిపి, అప్పుడు వచ్చిన విలువను తీసివేస్తాడు. మాంగనీసును ఊదారంగు ద్రావణంగా మార్చి ఆ రంగు గాఢతను కొలుస్తాడు. భాస్వరాన్ని పసుపుపచ్చని అవక్షేపంగా పట్టుకుంటాడు. 1912లో హాడ్‌ఫీల్డ్ ప్రకటించిన విశ్లేషణలో ఢిల్లీ ఇనుపస్తంభంలో భాస్వరం 0.114 శాతంగా తేలింది. ఆ స్తంభం తుప్పును తట్టుకోవడానికి ఈ భాస్వరమే ముఖ్యకారణమని తరువాతి లోహశాస్త్రజ్ఞులు వివరించారు.

డమాస్కస్ కత్తులపై మెరిసే అలల మర్మం కూడ ఇటువంటిదే. 1998లో వెర్హోవెన్, పెండ్రే, డౌక్ష్ అనే అమెరికా పరిశోధకులు, ఉక్కుముద్దలో అతిస్వల్పంగా ఉన్న వెనేడియం వంటి లోహాలు కర్బన సమ్మేళనాలను వరుసలు తీర్చడం వల్ల ఆ అలలు ఏర్పడతాయని ప్రతిపాదించారు. వారిలో పెండ్రే వృత్తిచేత కమ్మరి. తగిన ఖనిజం దొరకకపోవడంతో ఆ విద్య నశించి ఉండవచ్చునని వారి ఊహ.

నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు తీసిన కమ్మరుల పద్ధతిని వాయిసీ అనే ఆంగ్ల వైద్యుడు చూచి వర్ణించాడు. వారు రెండు తావుల ఖనిజాలను కలిపి మూసలలో కరిగించేవారు; పారశీక వర్తకులు అక్కడికే వచ్చి సరకు కొనేవారు. వెనేడియం పేరు వారెరుగరు; ఏ గనిది ఏ గుణమో ఎరుగుదురు. రసాయనిక తులాదండం ఆలస్యంగా చెప్పగలిగిన కొన్ని సంగతులను వారి కన్ను, చేయి ముందే గుర్తించాయి. వారి పేర్లు మాత్రం ఏ గ్రంథంలోనూ నిలువలేదు.