జికోనా? దుంగానా?

ఫుట్‌బాల్ పిచ్చోళ్ళు నలుగురు చేరితే ఈ గొడవ రాక మానదు. జాతీయ జట్టులో కళాకారులుండాలా, కష్టజీవులుండాలా? ఈ తగువు బ్రెజిల్‌లో ముదిరినంతగా ఇంకెక్కడా ముదరలేదని నా అభిప్రాయం.

కళాకారుల పక్షం వాళ్ళు ముందు చూపించేది 1982 జట్టుని. కోచ్ టెలే సంతానా. మిడ్‌ఫీల్డ్‌లో జికో, సోక్రటీస్, ఫల్కావ్, సెరెజో. స్పెయిన్‌లో ఆడిన 5 మ్యాచుల్లో 15 గోల్స్ కొట్టారు. కానీ జులై 5న బార్సిలోనాలో ఇటలీ చేతిలో 3-2తో ఓడి ఇంటికెళ్ళారు. డ్రా చేసుకున్నా సెమీస్‌కి వెళ్ళేవాళ్ళే! ఇటలీ గోల్స్ మూడూ పాలో రోస్సీవే.

"2-2 దగ్గర కాపలా కాసుకోకుండా దాడికి పోయి చచ్చారు" అనే కథ అప్పట్నుంచీ స్థిరపడిపోయింది. ఆ గోల్స్ చూస్తే నాకలా అనిపించదు. మూడో గోలు కార్నర్ కిక్ నుంచి పడింది. అప్పటికి బ్రెజిల్ వాళ్ళు వెనక్కొచ్చి తమ గోలు ముందే గుమిగూడి ఉన్నారు. రెండోది సెరెజో అడ్డంగా వేసిన ఓ నిర్లక్ష్యపు పాసు వల్ల వచ్చింది. జరిగినవి మామూలు పొరపాట్లు, నింద మాత్రం కళ మీద పడింది.

ఇక రెండో పక్షానికి దేవుడు దుంగా. (మన దుంగ కాదండోయ్, పోర్చుగీసులో అది స్నోవైట్ కథలోని ఓ మరుగుజ్జు పేరు.) 1990లో అర్జెంటీనా మీద ఓడినప్పుడు ఆ నీరసపు ఆటకి ఇతని పేరే పెట్టి "దుంగా యుగం" అని వెక్కిరించారు. 1994లో కోచ్ పరేరా మళ్ళీ అతన్నే నమ్ముకున్నాడు, పక్కన మౌరో సిల్వా. టోర్నీ మొదట్లో కెప్టెన్ ప్లేమేకర్ రాయీ. మధ్యలో అతన్ని తప్పించి మజీన్యోని దించారు, కెప్టెన్సీ దుంగాకొచ్చింది. 7 మ్యాచుల్లో కొట్టినవి 11 గోల్సే, ఇచ్చినవి మాత్రం 3. ఫైనల్లో ఇటలీతో 0-0, పెనాల్టీల్లో గెలుపు. 24 ఏళ్ళ తర్వాత కప్పు!

అయితే కష్టజీవులదే గెలుపా? ఆగండి. ఆ 11లో 5 రొమారియోవి. క్వాలిఫయర్స్‌లో అతన్ని దూరం పెట్టిన పరేరా, 1993లో ఉరుగ్వేతో చివరి మ్యాచుకి గతిలేక పిలిచాడు. 2-0తో గెలిచారు, రెండూ రొమారియోనే కొట్టాడు.

తర్వాత సంగతి ఇంకా తమాషా. అదే పరేరా 2006లో రొనాల్డిన్యో, కాకా, రొనాల్డో, అడ్రియానోలని నమ్ముకుని వెళ్ళి క్వార్టర్స్‌లో ఓడాడు. 2010లో కోచ్‌గా దుంగా రొనాల్డిన్యోని ఇంట్లో వదిలేసి వెళ్ళి, అతనూ క్వార్టర్స్‌లోనే ఓడాడు.

అందరూ అందలమెక్కితే మోసేదెవరు అంటారు. నిజమే. కానీ అసలు అందలమే లేకపోతే మోసేవాళ్ళకి పనేముంది?

నాకు బాధనిపించేది వేరే విషయం. ఓడిన 1982 జట్టుని ఇప్పటికీ ముద్దు చేస్తారు. కప్పు తెచ్చిన 1994 జట్టుకి అంత ప్రేమ దక్కలేదు. మన ప్రాజెక్టుల్లోనూ ఇంతేగా! డెమో ఇచ్చినవాడు అందరికీ గుర్తుంటాడు. అర్ధరాత్రి సర్వర్ పడిపోకుండా కాసినవాడి పేరు అప్రైజల్లో కూడా రాదు. గొప్ప ఎవరిదో తేల్చేముందు, ఇద్దరిలో ఒకర్ని తీసేసి స్కోరు లెక్కేసి చూడండి.

ఇంతకీ మీరే పక్షం?