పది పౌండ్ల పన్ను, ఒక ఊరి పుట్టుక

మెల్‌బోర్న్ నుంచి వెస్టర్న్ హైవే మీద పడమరగా సుమారు 200 కిలోమీటర్లు పోతే అరరాట్ అనే ఊరు వస్తుంది. గ్రాంపియన్స్ కొండలు చూడబోయే మన తెలుగు కుటుంబాలు చాలావరకు అక్కడ పెట్రోలు పోయించుకుని, కాఫీ తాగి ముందుకు సాగిపోతాయి. ఆ రోడ్డు పక్కనే దక్షిణ చైనా పద్ధతిలో కట్టిన రెండంతస్తుల భవనం ఒకటి ఉంది. పేరు గమ్ సాన్ చైనీస్ హెరిటేజ్ సెంటర్. గమ్ సాన్ అంటే బంగారు కొండ. ఆస్ట్రేలియాలో చైనావాళ్ళ చేతుల మీదుగా పుట్టిన ఊరు తమదొక్కటేనని అరరాట్ గర్వంగా చెప్పుకుంటుంది. అయితే ఆ పుట్టుకకు కారణం బంగారం ఒక్కటే కాదు. మనుషుల్ని రానివ్వకూడదని చేసిన ఒక చట్టం కూడా.

నాకు ఇద్దరు పిల్లలు. పాపకు పదకొండేళ్ళు, బాబుకు ఏడు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. ఈ దేశం కథ వాళ్ళకు బడిలో కొంత చెబుతారు, మన ఊళ్ళ కథ ఇంట్లో నేను కొంత చెబుతాను. ఈ రెండింటినీ కలిపే చోటు ఒకటి కావాలని చాలాకాలంగా వెతుక్కుంటున్నాను. అది నాకు ఈ గమ్ సాన్ మ్యూజియంలో దొరికింది.

1851లో విక్టోరియాలో బంగారం బయటపడింది. బల్లరాట్, బెండిగో పేర్లు ప్రపంచమంతా పాకాయి. అప్పటికి దక్షిణ చైనా తల్లడిల్లుతోంది. నల్లమందు యుద్ధం దెబ్బ తీసింది, తైపింగ్ తిరుగుబాటు మొదలైంది, గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో వంశాల మధ్య కొట్లాటలు, కరువు. ముత్యాల నది డెల్టాలోని తైషాన్ చుట్టుపక్కల పల్లెల నుంచి మగవాళ్ళు ఓడలెక్కారు. మొదట కాలిఫోర్నియాకు, తర్వాత ఇటు. 1861 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో చైనాలో పుట్టినవాళ్ళు 38 వేల పైచిలుకు. అందులో ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉండిపోయారు.

వచ్చేవాళ్ళు పెరిగేకొద్దీ తెల్ల గని కార్మికుల్లో కోపం పెరిగింది. 1855లో విక్టోరియా శాసనసభ ఒక చట్టం చేసింది. ఓడ మోసే ప్రతి 10 టన్నులకు ఒక్క చైనా ప్రయాణికుడినే తేవాలి. దిగే ప్రతి మనిషికీ ఓడ కెప్టెన్ 10 పౌండ్లు కట్టాలి. ఇంకే దేశంవాళ్ళకూ ఈ పన్ను లేదు.

ఈ మాట చెప్పగానే మా పాప లెక్క మొదలుపెట్టింది. "500 టన్నుల ఓడైతే యాభై మందే కదమ్మా. మిగతా చోటంతా ఖాళీగా తెస్తారా?" తేలేదు. కెప్టెన్లు ఓడల్ని పక్క రాష్ట్రానికి, దక్షిణ ఆస్ట్రేలియాకు తిప్పారు. అక్కడ అప్పటికి ఆ పన్ను లేదు. కొందరు అడిలైడ్ దగ్గర దిగి కూరాంగ్ తీరం వెంట నడిచారు. ఎక్కువమంది రోబ్ అనే చిన్న రేవులో దిగారు. కొన్ని వందల మంది కాపురముండే ఆ ఊళ్ళో 1856 నుంచి 1858 మధ్య 16 వేలకు పైగా చైనావాళ్ళు కాలు పెట్టారు. అక్కడి నుంచి బంగారు గనులకు దారి ఒక్కటే, కాలినడక. బల్లరాట్ వరకు 400 కిలోమీటర్లకు పైనే.

ఆ నడక ఎలా సాగిందో మ్యూజియంలో చూస్తున్నప్పుడు మా బాబు ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు. భుజం మీద వెదురు బద్ద, రెండు కొసలా రెండు బుట్టలు. "ఇదేంటి?" అన్నాడు. "కావడి" అన్నాను. మా జగిత్యాల దగ్గర పల్లెలో నా చిన్నప్పుడు కావడితో నీళ్ళు మోసేవాళ్ళను చూశాను. గ్వాంగ్‌డాంగ్ రైతుకూ మా ఊరి మనిషికీ బరువు మోసే ఉపాయం ఒకటే. బియ్యం, వంటపాత్రలు, పనిముట్లు, పక్కబట్టలు అన్నీ ఆ రెండు బుట్టల్లోనే. వందలమంది ఒకరి వెనక ఒకరు వరుసగా, బుట్టలు ఊగే లయకు తగ్గట్టు చిన్న చిన్న అడుగులతో నడిచేవారు. దారి చూపడానికి స్థానికులకు డబ్బిచ్చి కుదుర్చుకునేవారు. డబ్బు పుచ్చుకుని దారి మధ్యలో వదిలేసి పోయినవాళ్ళూ ఉన్నారు.

పిల్లలకు ఈ సంగతి మాటల్లో చెబితే తలకు ఎక్కదు, భుజానికి తెలియాలి. ఇంటికొచ్చాక వెనక పెరట్లో ఒక గట్టి కర్రకు రెండు చిన్న బక్కెట్లు కట్టి, సగం సగం నీళ్ళు పోశాను. పాప కంచె దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి భుజం ఎర్రబడింది. బాబు నాలుగడుగులకే దించేశాడు. ఆ తర్వాత పాప, వాళ్ళు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడిచి ఉంటారో, ఎన్ని వారాలు పడుతుందో తనే లెక్క వేసుకుంది. కాగితం మీది అంకెకు అప్పుడు బరువు వచ్చింది.

1857లో అలా నడుస్తున్న ఒక గుంపు, సుమారు 700 మంది, ఇప్పుడు అరరాట్ ఉన్న చోట నీటి ఊట దగ్గర ఆగింది. అది జాబ్ వుర్రుంగ్ జనం తరతరాలుగా బతికిన నేల. అక్కడ ఒండ్రు మట్టిలో బంగారం కనిపించింది. భూమి కింద పూడిపోయిన పాత వాగు పాయ అది, పొడవునా బంగారమే. దానికి తమ ఊరి వైపు పేరే పెట్టుకున్నారు, కాంటన్ లీడ్ అని. అంతకుముందే చుట్టుపక్కల కొంత బంగారం దొరికినా, ఊరు లేచింది మాత్రం ఈ పాయ వల్లే. కబురు తెలిసిన వారాల్లోనే వేలమంది తెల్ల గనివాళ్ళు వచ్చిపడ్డారు, పాయ మీద హక్కు మాదంటే మాదని గొడవకు దిగారు. గుడారాల మధ్య దుకాణాలు, దుకాణాల మధ్య వీధులు వచ్చాయి. విక్టోరియా రేవులో 10 పౌండ్లు అడగకపోయి ఉంటే ఆ 700 మంది అటుగా నడిచేవారే కాదు. అడ్డు పెట్టిన గోడ చుట్టూ తిరిగి వచ్చినవాళ్ళే ఆ ఊరికి పునాది వేశారు. నా పిల్లలు ఈ దేశ చరిత్రలో ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదేనని నా నమ్మకం.

గమ్ సాన్‌లో పిల్లలు పళ్ళెంతో బంగారం కడిగి చూడొచ్చు. మట్టి, నీళ్ళు పళ్ళెంలో వేసి గుండ్రంగా తిప్పుతూ పైమట్టిని కొద్ది కొద్దిగా జారవిడవాలి. బంగారం బరువు గనక అడుగున నిలుస్తుంది. తొందరపడితే అదీ మట్టితో పాటే పోతుంది. మా బాబు తొందరపడ్డాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ పోగొట్టుకున్నాడు. ఈసారి అక్క పక్కన నిలబడి చెయ్యి పట్టుకుని తిప్పించింది. చైనావాళ్ళ పని తీరు కూడా అదే. ఒంటరిగా కాదు, జట్లు కట్టి పనిచేసేవారు. ఇతరులు పనికిరాదని వదిలేసిన మట్టి గుట్టల్ని మళ్ళీ కడిగి అందులోంచి బంగారం తీసేవారు. దూరం నుంచి కాలవలు తవ్వి నీళ్ళు తెచ్చుకునేవారు. గనిబావుల్ని చాలాచోట్ల గుండ్రంగా తవ్వేవారు. మూలలుంటే దుష్టశక్తులు దాక్కుంటాయని నమ్మేవారని చెబుతారు. గుండ్రటి గోడ కూలడం కూడా తక్కువే. ఆ ఓపికే వాళ్ళ మీద ఈర్ష్యను పెంచింది. అదే 1857లో జులై 4న బక్‌లాండ్ నది లోయలో తెల్ల గనివాళ్ళు గుంపులు కట్టి చైనావాళ్ళ గుడారాల్ని తగలబెట్టి తరిమేశారు. 1861లో న్యూ సౌత్ వేల్స్‌లోని లాంబింగ్ ఫ్లాట్‌లోనూ అదే జరిగింది.

ఇంత దూరం రావడానికి డబ్బెక్కడిదన్నది మా పాప అడిగిన ప్రశ్న. అప్పు. చాలామంది టికెట్టు డబ్బు వ్యాపారుల దగ్గరో, పెద్దల దగ్గరో అప్పు తీసుకుని ఓడెక్కారు. వెళ్ళినచోట సంపాదించి మిత్తితో సహా తీర్చాలి. ఊళ్ళో ఉన్న కుటుంబమే దానికి హామీ. ఈ మాట చదువుతున్నప్పుడు నాకు మా బాపు గుర్తొచ్చాడు.

1983లో మా బాపు దుబాయ్ పోయాడు, భవనాల పనికి. ఏజెంటుకు కట్టడానికి 14,000 రూపాయలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. మొదటి రెండేళ్ళ సంపాదన ఆ మిత్తికే పోయింది. నేను బడికి పోయే వయసులో ఆయన ఉత్తరాల్లోనే ఉన్నాడు. ఉత్తర తెలంగాణలో ఇలాంటి ఇల్లు ప్రతి వాడలోనూ ఉంటుంది. అయినా మా పిల్లలకు ఈ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. ఆ ఆదివారం వీడియో కాల్‌లో మా పాప నేరుగా అడిగేసింది: "తాతా, నువ్వు అప్పు తీర్చేసరికి ఎన్నేళ్ళయింది?" బాపు ముందు నవ్వాడు. తర్వాత కూర్చుని మొత్తం చెప్పాడు. అమ్మమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి పసుపుకొమ్ము కట్టుకున్న సంగతి, క్యాంపులో ఒక్క గదిలో పన్నెండు మంది పడుకున్న సంగతి. "చీనోళ్ళది కూడ గట్లనేనా బిడ్డా?" అని తిరిగి అడిగాడు. అరరాట్ గురించి పాప ఆయనకు వివరంగా చెప్పింది.

మన వలసల కథ ఇంకా పాతది. కాంటన్ లీడ్ బయటపడిన మూడేళ్ళకు, 1860 అక్టోబరులో, ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు బయలుదేరింది. అందులో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, బర్మాకు పోయినవాళ్ళున్నారు. ఒప్పంద కూలీల బతుకు వేరు, అప్పు మీద వచ్చిన గనివాళ్ళ బతుకు వేరు. కానీ ఓడెక్కిన కారణాలు మాత్రం ఒక ఇంటివే.

బంగారం తరిగాక కొందరు చైనాకు తిరిగి పోయారు. ఉండిపోయినవాళ్ళు కూరగాయల తోటలు వేశారు, దుకాణాలు పెట్టారు. చనిపోయినవాళ్ళ ఎముకల్ని సొంతూరికి పంపించే ఏర్పాట్లు కూడా చేసుకున్నారు. సౌత్ మెల్‌బోర్న్‌లో 1866లో కట్టిన సీ యప్ గుడిలో నేటికీ పూజ జరుగుతుంది. అక్కడ గోడల నిండా పరదేశంలో పోయిన వేలాది మంది పేర్లు రాసిన పలకలున్నాయి. పిల్లల్ని అరరాట్ తీసుకుపోలేనివాళ్ళు కనీసం ఆ గుడికి తీసుకుపోవాలి.

చట్టం మాత్రం అక్కడితో ఆగలేదు. 10 పౌండ్ల పన్నుతో మొదలైన ఆలోచనే 1901లో దేశమంతటికీ చట్టమైంది. వలస వచ్చేవాడిని, అధికారి ఏదో ఒక యూరప్ భాషలో చదివే 50 మాటలు విని రాయమనేవారు. అతనికి రాని భాషనే ఎంచుకునే వీలు అధికారికి ఉండేది. ఆ పరీక్ష 1958 దాకా ఉంది. తెల్లవాళ్ళకే పెద్దపీట వేసే విధానం 1973లో పూర్తిగా పోయింది. ఆ తలుపు మూసుకుని ఉంటే మేము ఇక్కడికి వచ్చేవాళ్ళమే కాదు.

2017 మే నెలలో, రోబ్ నడకకు 160 ఏళ్ళు నిండిన సందర్భంగా, చైనా సంతతివాళ్ళు కొందరు రోబ్ నుంచి మెల్‌బోర్న్ పార్లమెంటు దాకా నడిచి వచ్చారు. అప్పటి ప్రీమియర్ డేనియల్ ఆండ్రూస్ ఆ పాత చట్టాలకు, ఆ అన్యాయానికి విక్టోరియా తరఫున క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణ ఊరికే రాలేదు. తమ తాతల నడకను మర్చిపోకుండా చెప్పుకుంటూ వచ్చినందువల్ల వచ్చింది. కథ నిలబెట్టుకున్నవాళ్ళకే న్యాయం అడిగే గొంతు ఉంటుంది.

అందుకే గ్రాంపియన్స్ దారిలో పోయే మనవాళ్ళందరికీ నా మనవి. అరరాట్‌లో ఒక పూట ఆగండి. పిల్లల చేతికి ఆ పళ్ళెం ఇవ్వండి, ఆ నడక గురించి చదివించండి. ఆ తర్వాత మీ ఇంట్లో ఎవరు, ఏ ఊరి నుంచి, ఎవరి దగ్గర ఎంత మిత్తికి తెచ్చుకుని బయలుదేరారో పెద్దవాళ్ళనే అడిగి వాళ్ళకు వినిపించండి. చైనావాళ్ళ చరిత్రను భద్రపరచడానికి ఒక భవనం ఉంది. మన బాపుల, తాతల చరిత్ర ఇంకా వాళ్ళ నోళ్ళలోనే ఉంది. వాళ్ళు చెప్పగలిగి ఉండగానే మనం అడిగి రాసిపెట్టుకోవాలి.