కొల్లేటి గీత

కొల్లేరనగానే మీకు పెద్దింట్లమ్మ తల్లియు, ఆటపాక కొంగలును జ్ఞప్తికి వచ్చును. నేనీ పూట ముచ్చటింపదలచినది వానిని గూర్చి కాదు, ఒక గీతను గూర్చి. అది నేలమీద కానరాదు. సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తున సరస్సు చుట్టును తిరిగివచ్చు ఆ గీతను అయిదవ కంటూరందురు. దానికి లోపల ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను వివాదము ఇన్నేండ్లైనను తెగలేదు.

కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రుమేటల నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్లును, పెక్కు మురుగు కాలువలును దీనిలో పడును. నీరు బయటికి పోవుటకు ఉప్పుటేరొక్కటే దారి. అదియు మెలికలు తిరిగి మెల్లగా కడలి జేరును. వచ్చు వాకిళ్లు పెక్కు, పోవు వాకిలి యొకటి! కావుననే సరస్సు వానకాలమున విరియును, వేసవిని ముడుచుకొనును.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసిన పిదప డెల్టా పొలముల మురుగు గూడ దీనికే చేరెను. అయినను లంకలవారు నీరున్నపుడు చేపలు పట్టిరి, తీసినపుడు వరి వేసిరి. నేల గుణమెరిగిన యిట్టి సేద్యమును ఏ పట్టణపు నిపుణుడును వారికి నేర్పలేదు.

1970 దశకమున ప్రభుత్వమువారు బీదలను సంఘములుగా జేర్చి చేపల చెరువులు త్రవ్వించిరి. ఉద్దేశము మంచిదే. లాభము కనబడగానే బయటి సొమ్ము వచ్చిపడెను, గట్లు బలిసెను. చెరువునకది గట్టు, వరదకు మాత్రము అడ్డుకట్ట. విరియుటకు చోటులేని నీరు ఎగువ చేల మీదికెక్కెను. వేసవిలో ఉప్పుటేటి వెంట ఉప్పునీరు పైకి ప్రాకెను.

1999లో అయిదవ కంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షుల కొరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో పదవ కంటూరు వరకు 901 చదరపు కిలోమీటర్లు చేరెను. 2006లో గట్లను యంత్రములతో తెగగొట్టిరి. గీతను మూడవ కంటూరునకు దింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించెను. అటుపిమ్మట పెక్కుచోట్ల గట్లు మరల లేచెను.

గీత లోపల జిరాయితీ పట్టాలు గలవారి మొర అన్యాయమైనది కాదు. వారికి పరిహారమీయక నేలను నిషేధించుట తగదు. ఐతే వారి పేరు చెప్పి గీతనే దింపుట వేరు మాట. తీర్మానముతో గీత దిగును గాని వరద దిగదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేటికి గండ్లు పడి విజయవాడ పేటలు మునిగినవి గదా, ఆ యేటికి దిగువనున్న తావు కొల్లేరే.

యెత్తు ఒక్కటే చూచి నేల బలాబలములు తేల్చుట చాలదని నా తలంపు. ఒండ్రు ఎంత పేరినది, ఏ కాలువ పూడినది, ఏ యేట నీరు ఏ యింటి గోడ వరకు వచ్చినది, ఇవియు పటములో చేరవలెను. కడపటి దానిని సర్వే ఉద్యోగులకు చూపగలవారు ఆ యూళ్ల వృద్ధులే.