డిజిటల్ మీటర్ క్లస్టర్ వైరింగ్

కారుతో వచ్చిన ముల్లు మీటర్లను తీసేసి, విడిగా కొన్న డిజిటల్ తెరను డ్యాష్‌బోర్డులో బిగించి వైర్లు కలిపే పని. పాత కార్లను పునరుద్ధరించేటప్పుడు, ఇంజను మార్చినప్పుడు, రేసింగ్ కార్లలోనూ ఎక్కువగా చేస్తారు.

విద్యుత్ సరఫరా: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే 12 వోల్టుల వైరు, తాళం తిప్పితేనే కరెంటు అందే ఇగ్నిషన్ వైరు, ఎర్త్ ముఖ్యమైనవి. మొదటి రెండింటికీ ఫ్యూజులుండాలి. ఎర్త్ వదులైతే హెడ్‌లైట్లు వేయగానే రీడింగులు మారిపోతాయి.

సెన్సర్లు: ఇంధన ట్యాంకులోని సెండర్ నిరోధం మీటరుకు సరిపోలాలి. జనరల్ మోటార్స్ పాత కార్లలో ఖాళీ ట్యాంకుకు 0, నిండుకు 90 ఓంలు. అమెరికాలో విడిగా అమ్మే చాలా మీటర్లకు ఖాళీ 240, నిండు 33. ఈ రెండింటినీ కలిపితే ఖాళీ ట్యాంకు నిండుగా కనిపిస్తుంది. ఇక ఇంజను వేగం (ఆర్‌పీఎం) సంగతి: ఒకే ఇగ్నిషన్ కాయిల్ ఉన్న నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజను చుట్టుకు 2 పల్సులిస్తుంది. క్లస్టర్‌లో సిలిండర్ల సంఖ్య తప్పు పెడితే ఆర్‌పీఎం తప్పుతుంది.

క్యాన్ బస్: బాష్ 1986లో వెల్లడించిన ఈ పద్ధతిలో మెలిపెట్టిన జంట తీగలపైనే ఇంజను సమాచారమంతా వస్తుంది. రెండు కొసల్లోనూ 120 ఓంల రెసిస్టర్లుంటాయి. కరెంటు తీసి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే సుమారు 60 ఓంలు చూపాలి.

జాగ్రత్త: చాలా పాత కార్లలో ఛార్జింగ్ హెచ్చరిక బల్బు ద్వారానే ఆల్టర్నేటర్‌కు తొలి కరెంటు అందుతుంది. పాత మీటరుతోపాటు ఆ బల్బూ పోతే ఛార్జింగ్ ఆగిపోవచ్చు. దాని స్థానంలో తగిన రెసిస్టరో బల్బో పెట్టాలి.