రిజిస్టరులో పేరులేని తల్లి



మత్తయి సువార్త తెరచిన వెంటనే మనకు కనబడునది పేర్ల వరుస. అబ్రాహాము మొదలుకొని యేసు ప్రభువు వరకు తరతరముల తండ్రుల పేర్లు. గ్రామ సంఘములలో పాఠము చదువు పిల్లలు ఆ పేర్ల యొద్ద తడబడుదురు. పెద్దలు ఆ భాగము దాటించి పదునెనిమిదవ వచనము నుండి చదువుమందురు. నేనును బోధకుడనైన తొలి దినములలో అట్లే చేయించితిని. వంశావళిలో బోధించుటకేమున్నదని తలంచితిని. విశాఖపట్టణములో ఒక వృద్ధురాలి కొరకు పాత రిజిస్టరులు వెదకిన పిమ్మట నా తలంపు మారినది. ఆ సంగతియు, దానితో ముడిపడియున్న మన తీరపు చరిత్రయు ఈ నెల మీ ముందుంచుచున్నాను.

ఆమె ఆంగ్లో ఇండియన్ కుటుంబములో పుట్టినది. బడిలో చిన్న తరగతులకు ఏండ్ల తరబడి పాఠములు చెప్పి, ఇప్పుడు పాత పట్టణములో ఒంటరిగా నివసించుచున్నది. వయస్సు ఎనుబది దాటినది. అన్నదమ్ములందరు ఆస్ట్రేలియాకు వెళ్లిపోగా, తల్లిని చూచుకొనుటకు తాను నిలిచిపోయినది. ఆమె పేరు ఇక్కడ వ్రాయను. మేమందరము టీచరమ్మగారని పిలుతుము.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె నన్ను ఆపి, "అయ్యగారూ, మా తమ్ముడి కూతురు ఫోను చేసిందండి. మన వంశం ఎవరితో మొదలైందో కాగితాలు కావాలంటోంది. భీమిలి వచ్చిన డచ్చి కెప్టెను మా మూలపురుషుడని మా నాన్నగారు చెప్పేవారు. మీకు పాత పుస్తకాలు చదవడం వచ్చు కదా, కొంచెం చూసిపెట్టండి" అని అడిగినది. సరేనంటిని.

నేడు విశాఖపట్టణము చూడవచ్చిన వారికి మొదట కంటబడునవి ఓడరేవు క్రేనులు, ఉక్కు కర్మాగారపు పొగగొట్టములు. ఓడరేవు 1933లో తెరవబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాదిరాయి వేసిరి. వీటికంటె చాలముందే విదేశీయులు ఈ తీరమున కాపురము పెట్టిరి. ఓలందా దేశపు వర్తకులు 1602లో ఒక కంపెనీగా ఏర్పడి, 1605లో మచిలీపట్టణమున వ్యాపారము మొదలుపెట్టిరి. ఆ శతాబ్దపు నడిమి కాలమునకు భీమునిపట్టణము చేరిరి. ఇంగ్లీషు కంపెనీవారు 1682లో విశాఖపట్టణమున ఫ్యాక్టరీ పెట్టిరి. ఆ కాలమున ఫ్యాక్టరీ యనగా యంత్రశాల కాదు. నేతగాండ్ర యొద్ద గుడ్డలు కొని, నిలువచేసి, ఓడకెక్కించు కోఠీ. భీమిలి చాలకాలము డచ్చివారి చేతిలోనే యుండెను. 1824లో జరిగిన ఒడంబడిక ననుసరించి 1825లో ఇంగ్లీషువారికి దక్కెను. డచ్చివారి సమాధులు నేటికిని భీమిలిలో సముద్రమునకు దగ్గరగా నున్నవి.

ఆ దినములలో యూరపు నుండి ఓడ ఆఫ్రికా కొనను చుట్టివచ్చుటకు అనేక మాసములు పట్టెడిది. వచ్చినవారు దాదాపు అందరును పురుషులే. గుమాస్తాలు, సోల్జర్లు, వడ్రంగులు, ఓడ పనివారు. మరి వారి యిండ్లలో పొయ్యి వెలిగించినదెవరు? వారి పిల్లలను కన్నదెవరు? ఈ దేశపు స్త్రీలే. ఇది రహస్యముగా జరిగిన కార్యమును కాదు. 1687లో లండనులోని కంపెనీ డైరెక్టర్లు మద్రాసు వారికి జాబు వ్రాసి, సోల్జర్లు ఈ దేశపు స్త్రీలను పెండ్లాడుటను ప్రోత్సహింపుమనిరి. అట్టి దంపతులకు పుట్టిన బిడ్డకు బాప్తిస్మమిచ్చిన దినమున తల్లికి ఒక వరహా చొప్పున ఇయ్యవచ్చుననిరి.

నూరేండ్లు దాటునప్పటికి గాలి మారినది. 1791లో కంపెనీవారు, తలిదండ్రులలో ఒకరు ఈ దేశస్థులైన యెడల అట్టివానికి తమ సివిలు, సైనిక, నౌకా కొలువులలో పెద్ద ఉద్యోగమియ్యరాదని శాసించిరి. 1795లో, తలిదండ్రులిద్దరును యూరపు వంశస్థులు కానివాడు సైన్యములో డప్పు కొట్టుటకు, పిల్లనగ్రోవి ఊదుటకు, గుఱ్ఱములకు లాడములు కొట్టుటకు తప్ప వేరు పనికి తగడని నిర్ణయించిరి. తాత నాటి ప్రభుత్వము వరహా ఇచ్చి దీవించిన తల్లియే మనుమని నాటికి అన్నము పోగొట్టునదాయెను. అందుచేత కుటుంబములు తల్లిని దాచుట నేర్చుకొన్నవి. తండ్రి ఎంత చిన్నవాడైనను గోడమీది పటమెక్కెను, తల్లి వంటయింటిలోనే మిగిలిపోయెను.

ఇక మా వెదకులాట సంగతి. వంశము వెదకువారు సాధారణముగా చేయు పొరపాటు ఒకటి కలదు. గొప్పవాని నొకని ముందుగా ఎన్నుకొని, అతని నుండి తమ యొద్దకు దిగివత్తురు. అది ఇసుకమీద ఇల్లు కట్టుట. తన బాప్తిస్మముతో మొదలుపెట్టి, తండ్రి యొద్దకు, తాత యొద్దకు మెట్టు మెట్టుగా పోవలెను. ప్రతి మెట్టుకును ఒక కాగితముండవలెను. కాగితము లేనిచోట ఆగవలెను.

మొదట పాత పట్టణములోని తెల్లవారి సమాధులు చూచితిని. విశాఖపట్టణము, భీమిలి మొదలుకొని మద్రాసు రాజధానిలోని సమాధులమీది వ్రాతలను జూలియన్ జేమ్స్ కాటన్ అను దొర పోగుచేసి 1905లో అచ్చువేయించెను. ఆ పుస్తకమును చూచితిని. టీచరమ్మగారి ఇంటిపేరు గల కెప్టెను ఎందును కానరాలేదు. సమాధిరాయి పెట్టించుటకు డబ్బు కావలెను. బీదవారి సమాధులు వర్షములకు నేలలో కలిసిపోయినవి.

పిదప రిజిస్టరులు పట్టితిని. కంపెనీ ఏలుబడిలో జరిగిన బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనల పట్టికల నకళ్లు మద్రాసు నుండి లండనుకు పంపెడివారు. 1698 నుండి గల ఆ నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా నున్నవి. నేడు అనేకములు కంప్యూటరు తెరమీద చూడవచ్చును. డచ్చి కంపెనీ కాగితములు ఓలందాలోని హేగ్ నగరమున ఉన్నవి, కొన్ని మన చెన్నపట్టణపు దస్తావేజుల భాండాగారములోను కలవు. ఆస్ట్రేలియాలో ఆ పిల్ల తెరమీద వెదకెను, ఇక్కడ ఒక పాత దేవాలయపు పుస్తకములు నేను తిరుగవేసితిని. ఆ పుటలు ఎండుటాకులవలె విరుగుచుండెను.

టీచరమ్మగారి తండ్రి రైల్వేలో పని చేసెను, తాత టెలిగ్రాఫు ఆఫీసులో. అంతవరకు తేలికగా దొరికినది. తరువాత రెండు తరములకు ఎనిమిది మాసములు పట్టినది. తుదకు 1820 దాటిన తరువాతి ఒక సంవత్సరపు బాప్తిస్మములలో ఆ ఇంటిపేరు కనబడెను. బిడ్డ పేరున్నది. తండ్రి పేరున్నది. అతడు కెప్టెను కాడు, డచ్చివాడును కాడు. యుద్ధమునకు శక్తి చాలని యూరపు సోల్జర్లను తేలికయైన కాపలా పనికి ఉంచు దళమొకటి అప్పట్లో విశాఖపట్టణమున ఉండెను. అతడు ఆ దళములో సామాన్య సోల్జరు. తల్లి పేరు వ్రాయవలసిన చోట రెండే మాటలు: నేటివ్ స్త్రీ.

ఆ నకలు తీసికొని ఆమె యింటికి వెళ్లితిని. అద్దములు సవరించుకొని రెండు మారులు చదివినది. చాలసేపు మాటలాడలేదు. గొప్పవంశమను ఆశ భంగమైనదని దుఃఖించుచున్నది కాబోలునని నేననుకొంటిని. అది కాదు.

"నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా బడిలో ఒక తెలుగు మాస్టారు ఉండేవారండి. మంచి క్రైస్తవ కుటుంబం. వాళ్ల అమ్మగారు, నాన్నగారు మా ఇంటికి వచ్చి నన్ను అడిగారు. మా నాన్నగారు వాళ్లని గుమ్మంలోనే నిలబెట్టి, మాది డచ్చి కెప్టెను రక్తం, కలవదని చెప్పి పంపేశారు. ఆయన వేరే ఊరు వెళ్లిపోయారు. నేను మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు." కాగితము మడిచి బల్లమీద పెట్టి, "ఏ కెప్టెను కోసమండీ అయ్యగారూ?" అనెను.

నా యొద్ద జవాబు లేదు. ముప్పది ఏండ్లుగా ప్రసంగములు చేయుచున్న నోరు ఆ దినమున పెగలలేదు. కొంతసేపటికి ఆమెయే, "మా నాయనమ్మ పగలంతా ఇంగ్లీషే మాట్లాడేది. రాత్రి తలుపులు వేశాక మమ్మల్ని తెలుగులోనే జోకొట్టేది. ఎక్కడ నేర్చుకుందో అప్పుడు అడగలేదు" అనెను.

ఇట్టి సంగతి మన తీరమునకే చెందినది కాదు. ఆఫ్రికా దక్షిణ కొనయైన కేప్‌లో డచ్చివారు కాపురము పెట్టిన తొలి దినములలో, 1657లో, బంగాళమునుండి వచ్చిన ఆంజెలా అను దాసి ఒకతె అక్కడి అధిపతి యింట ఉండెను. 1666లో ఆమెకు విడుదల కలిగెను, 1669లో బాసన్ అను తెల్లవానిని పెండ్లాడెను, 1720లో మరణించెను. ఆ దేశములో తొలి తెల్ల వలసదారుల సంతానమని చెప్పుకొను అనేక కుటుంబములు తమ వంశము వెదకగా, ఈ బంగాళ స్త్రీ యొద్దకు చేరిరి. అదే దేశములో 1949లో, తెల్లవారు ఇతరులను పెండ్లాడరాదని చట్టము చేసిరి. ఎవరి మనుమలు ఎవరిని గుమ్మములో ఆపిరో చూడుడి.

మన రాజ్యాంగమును 366వ అధికరణములో ఆంగ్లో ఇండియన్ అనగా ఎవరని చెప్పుచు, తండ్రి గాని తండ్రివైపు పితరులు గాని యూరపు వంశస్థులై యుండవలెనని లెక్కించినది. తల్లి ఎవరని అడుగలేదు. శాసనసభలలో ఆ సమాజమునకుండిన నియామక స్థానములు 2020లో ముగిసినవి. ఆ నిర్వచనము నిలిచియున్నది.

గ్రామములలోని నా సహోదరీ సహోదరులారా, ఇది దొరల కుటుంబముల గొడవ, మనకేమి అనవద్దు. మన ఇంటిపేరు ఎవరిది? తండ్రిది. మీ నాయనమ్మ పుట్టింటివారి ఇంటిపేరు మీలో ఎందరు చెప్పగలరు? 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అట్టి అనేక కుటుంబములకు భూమి పట్టా లేదు, బడి పుస్తకము లేదు. సంఘపు రిజిస్టరే వారి పేరు మొట్టమొదట వ్రాయబడిన కాగితము. ఆ పుస్తకములో ఒక గడి ఖాళీగా వదలుట ఒక మనుష్యుని చెరిపివేయుటయే. నేనును నిర్దోషిని కాను. నా మొదటి సంఘములో నేను వ్రాసిన బాప్తిస్మపు పట్టిక ఈ మధ్య తిరిగి చూచితిని. తండ్రి పేరు, వృత్తి, ఊరు చక్కగా వ్రాసితిని. తల్లి గడిలో చాలచోట్ల చిన్న గీత గీసితిని. ఆ తల్లులు నా యెదుటనే బిడ్డ నెత్తుకొని నిలువబడియుండిరి. అడిగిన చెప్పియుందురు.

ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో, తమ వంశపు పట్టికలో పేరు దొరకనందున యాజక ధర్మమునుండి తీసివేయబడినవారి సంగతి కలదు. పట్టిక అట్టి పని చేయగలదు. మత్తయి వ్రాసిన పట్టిక వేరు. తండ్రుల వరుసలో ఆయన తామారును, రాహాబును, రూతును నిలిపెను. ఇతరులు దాచిపెట్టెడి తల్లులను ఆయన దాచలేదు. నాలుగవ ఆమెకు పేరు వ్రాయలేదు, ఊరియా భార్య యని మాత్రమే చెప్పెను. అయినను ఆమె స్థలము ఆమెకున్నది. పేరు తెలియనిచో స్థలమైనను ఉంచవలెనని నేను అక్కడ నేర్చుకొంటిని.

టీచరమ్మగారును అట్లే చేసినది. ఆస్ట్రేలియాలోని పిల్ల వంశవృక్షము గీయుచు సోల్జరు పేరు ప్రక్కన ఏమి వ్రాయవలెనని అడుగగా, "తెలుగు తల్లి" అని వ్రాయుమనబోయి, నా వైపు చూచెను. సోల్జర్లు ఊరూరు తిరుగువారు, ఆమె అరవ స్త్రీయో మరి ఏ ప్రాంతపుదో మనకు రుజువు లేదంటిని. అప్పుడు "ఈ దేశపు తల్లి" అని వ్రాయించెను. నవంబరు 2న సమాధుల పండుగనాడు ఆమె పాత పట్టణపు గోరీల దొడ్డిలో రాయి లేని ఒక మూల కొవ్వొత్తి వెలిగించి, నన్ను ప్రార్థన చేయుమనెను. పేరు పెట్టకుండ ప్రార్థించితిని.

కావున మిమ్మును వేడుకొనుచున్నాను. మీ వంశమును వెదకుడి, తప్పులేదు. అయితే గొప్ప చెప్పుకొనుటకు వెదకవద్దు, ఒకరిని గుమ్మములో ఆపుటకు అసలే వద్దు. ఈ వారమే మీ యింటి పెద్దామె ప్రక్కన కూర్చుండి, ఆమె తల్లి పేరేమో, ఆ తల్లికి తల్లి పేరేమో అడిగి వ్రాసికొనుడి. సంఘకాపరులారా, బాప్తిస్మపు పుస్తకములో తల్లి గడి ఖాళీగా విడువకుడి. రేపు ఆమెను వెదకుచు ఎవరో వచ్చెదరు.